తీసుకెళ్లినవాళ్లే చెప్పాలి

ఒక మనిషిని ఇంటి నుంచి పట్టుకుపోతారు. పోలీసులు కావచ్చు, కేంద్ర రిజర్వు బలగాలు కావచ్చు, సైన్యమే కావచ్చు. వీధంతా చూస్తూనే ఉంటుంది. మర్నాడు ఇంటివాళ్లు స్టేషనుకు వెళితే ‘మేం తేలేదు’ అంటారు. క్యాంపుకు వెళితే ‘నిన్న రాత్రే పంపించేశాం’ అంటారు. ఆ మాటతో వాళ్ల పని అయిపోతుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో రుజువు చేసే భారం అక్కడి నుంచి అతని తల్లి మీద, భార్య మీద పడుతుంది. ఆయుధాలూ వాహనాలూ రికార్డులూ అన్నీ ఉన్న యంత్రాంగం మీద, చేతిలో చిన్న కాగితం ముక్క కూడా లేని ఆడమనిషి రుజువు చేయాలి. పౌరహక్కుల సంఘాలు దీని గురించి ఎంతో కాలంగా పోరాడుతున్నాయి. మహిళా ఉద్యమం తన అనుభవం నుంచి ఇందులో చెప్పగలిగినది ఒకటుంది. ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులను కోర్టు 1968లో వదిలిపెట్టింది. ఆ తరువాత కొండల్లో రాజుకున్నదాన్ని అణచడానికి 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. రాష్ట్ర సాయుధ పోలీసులకు తోడు కేంద్ర రిజర్వు పోలీసులు దిగారు. ఖాకీల తేడాలు ఊళ్లలో ఎవరికి పట్టాయి? తుపాకీతో క్యాంపు వేసినవాళ్లందర్నీ జనం మిలట్రీ అనే అన్నారు.

1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు చనిపోయారు. ప్రభుత్వం దాన్ని ఎదురుకాల్పులు అన్నది. పట్టుకున్న తరువాతే కాల్చారని ఉద్యమం పక్షాన ఉన్నవాళ్లు చెప్పారు. అదే ఏడు డిసెంబరు 22న పంచాది నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడూ ప్రభుత్వం అదే కథ చెప్పింది. వీళ్లు నాయకులు. వీళ్ల పేర్లూ తేదీలూ మిగిలాయి. ఎదురుకాల్పులు అనే మాట కూడా దక్కని మనుషుల సంగతి వేరు. గాలింపుల్లో దొరికి క్యాంపులకు నడిచివెళ్లిన సవర, జాతాపు కుర్రాళ్ల వెనక ఉన్న ఆడవాళ్లు ఎవరి చరిత్రలోనూ లేరు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది కాబట్టి ఆ అనుభవం ఒక తరానికి అందింది. శ్రీకాకుళం కొండల్లో ఎదురుచూసిన ఆడవాళ్ల దగ్గర కూర్చుని అంత ఓపికగా వినే పని ఇంకా మిగిలే ఉంది. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

ఇంకో మాట. 1969లో ఇదంతా ఒకే జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. పాత అరెస్టు రికార్డు ఏదైనా దొరుకుతుందేమోనని ఒక మనవరాలు ఇవాళ బయలుదేరితే మూడు కలెక్టరేట్ల మెట్లు ఎక్కాలి. ‘మాది కాదు, ఆ జిల్లా వాళ్లనడగండి’ అనడం మూడుచోట్లా సులువే.

ఈ మరణాలనూ మాయాలనూ ఎవరైనా విచారించారా? ఎమర్జెన్సీ తరువాత 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. కన్నబిరాన్, కాళోజీ వంటివారు అందులో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్లుగా చెప్పిన ఘటనలను పరిశీలించి, పట్టుకుని కాల్చి చంపారని ఆ కమిటీ చెప్పింది. దాని ఒత్తిడి వల్లనే ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. తీరా సాక్ష్యాలు బహిరంగంగా బయటపడుతున్న దశలో విచారణను మూసిన తలుపుల వెనక జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కమిటీ తప్పుకుంది. విచారణ అక్కడితో ఆగిపోయింది. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, సాక్ష్యం లేక ఆగలేదు. సాక్ష్యం చెప్పే గొంతు బయటకు వినబడుతున్నందుకు ఆగింది.

ఇది పాత సంగతి అనుకునేవాళ్లకు 2025 మే నెలను గుర్తుచేయాలి. ఆ నెల 21న ఛత్తీస్‌గఢ్ నారాయణ్‌పుర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావును చంపినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆయనది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలం జియ్యన్నపేట. శవం ఇప్పించమని తల్లి తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. పోస్టుమార్టం అయ్యాక బంధువులు అక్కడి అధికారులను కలవవచ్చన్న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మాటను నమోదు చేసుకుని కోర్టు కేసు ముగించింది. బంధువులు అంతదూరం వెళ్లారు. శవం ఇవ్వలేదు. 26న పోలీసులే నారాయణ్‌పుర్‌లో దహనం చేశారు. కేశవరావు రాజకీయాల మీద మా పాఠకుల్లో ఎన్ని అభిప్రాయాలైనా ఉండవచ్చు. ఆయన పార్టీ ఇన్‌ఫార్మర్లన్న పేరుతో గిరిజనులను చంపిందన్నది నిజం. 2018 సెప్టెంబరు 23న అరకు దగ్గర లివిటిపుట్టులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ కాల్చి చంపిందన్నదీ నిజం. ఆ ఇళ్ల ఆడవాళ్ల దుఃఖానికీ ఇదే బరువు. అయితే కొడుకు శవాన్ని అడిగే తల్లి హక్కు కొడుకు రాజకీయాల మీద ఆధారపడుతుందా? శవం ఇవ్వకపోవడం అంటే, ఎలా చనిపోయాడో ఇంటివాళ్లు తమ కళ్లతో చూడకుండా చేయడం. శవమే లేనప్పుడు ఆ కుటుంబం చనిపోయాడని కూడా చెప్పుకోలేదు.

శవం లేదు, కాగితం లేదు, ‘మేం వదిలేశాం’ అన్న మాట ఒక్కటే ఉంది. అలాంటిచోట ఏం చేయాలో సుప్రీంకోర్టుకు చూపించింది మణిపూర్ నుంచి వచ్చిన ఒక కేసు. 1982 మార్చిలో ఉఖ్రుల్ జిల్లా హుయినింగ్ గ్రామంలో బడి ప్రధానోపాధ్యాయుడు సి. డేనియల్‌నూ, చర్చి సహాయ పాస్టరు సి. పాల్‌నూ సైన్యం ఫుంగ్రే క్యాంపుకు తీసుకుపోయింది. వాళ్లు తిరిగి రాలేదు. వెళ్లిపోయారని సైన్యం చెప్పింది. సెబాస్టియన్ హోంగ్రే అనే విద్యార్థి సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. క్యాంపు లోపలికి వెళ్లడం చూసినవాళ్లున్నారు, బయటికి రావడం చూసినవాళ్లు లేరు. సైన్యం మాటను కోర్టు నమ్మలేదు. ఇద్దర్నీ హాజరుపరచమని 1983 నవంబరులో ఆదేశించింది. హాజరుపరచలేకపోతే, 1984లో ఇద్దరి భార్యలకూ చెరొక లక్ష రూపాయలు కట్టమని, హత్య కేసుగా దర్యాప్తు చేయమని చెప్పింది. అక్కడ అమల్లో ఉన్న సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం కూడా పట్టుకున్న మనిషిని వీలైనంత తొందరగా దగ్గరి పోలీసు స్టేషనుకు అప్పగించమనే అంటుంది. మనిషిని తన దగ్గర ఉంచుకునే హక్కు సైన్యానికి ఏ చట్టమూ ఇవ్వలేదు.

మన పక్కనే ఉన్న ఒరిస్సా నుంచి మరో తల్లి నీలాబతీ బెహరా. 1987 డిసెంబరు 1న ఆమె కొడుకును పోలీసులు పట్టుకెళ్లారు. 22 ఏళ్ల కుర్రాడు. రాత్రి ఆమె అవుట్‌పోస్టుకు అన్నం తీసుకువెళ్లి తినిపించింది. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. తప్పించుకు పారిపోయి రైలు కింద పడ్డాడన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో ప్రభుత్వం లక్షా యాభై వేలు చెల్లించాలని కోర్టు తీర్పు ఇచ్చింది. కస్టడీ మరణాలకు నష్టపరిహారం గురించి నేటికీ లాయర్లు చూపించే తీర్పు అదే. ఆమె అన్నం పట్టుకెళ్లి ఉండకపోతే? కొడుకు ఆ రాత్రి అవుట్‌పోస్టులో ఉన్నాడని చెప్పే సాక్షి ఎవరుండేవారు? తల్లులు అలవాటుగా చేసే పని ఒకటి కోర్టులో సాక్ష్యమైంది. అయితే ప్రతి ఇంటికీ అవుట్‌పోస్టు అంత దగ్గరలో ఉండదు, అన్నం లోపలికి పోనివ్వరు కూడా.

మహిళా ఉద్యమం అనుభవం నుంచి చెప్పగలిగింది ఒకటుందని మొదట అన్నాం. 1972లో మహారాష్ట్రలో మథుర అనే గిరిజన అమ్మాయి మీద పోలీసు స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. ఆమె ప్రతిఘటించినట్లు గుర్తులు లేవని సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేసి, భర్తను కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ తప్పు పోలీసులదేనన్నా, కేసు రాయచూరుకు బదిలీ అయి అక్కడ కొట్టుకుపోయింది. ఈ రెండింటి మీద దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఫలితంగా 1983లో సాక్ష్య చట్టంలో 114-ఏ సెక్షన్ చేరింది. కస్టడీలో ఉన్న స్త్రీ తన సమ్మతి లేదని కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. తన నిర్బంధంలో ఉన్న మనిషికి ఏం జరిగిందో నిర్బంధించినవాడే జవాబు చెప్పాలన్న నీతిని మనం పోరాడి చట్టంలోకి తెచ్చుకున్నాం. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో కూడా అది 120వ సెక్షనుగా ఉంది.

కస్టడీలో తగిలిన గాయాల విషయంలోనూ ఇలాంటి నిబంధనే పెట్టమని లా కమిషన్ 1985లోనే తన 113వ నివేదికలో సిఫారసు చేసింది. 114-బి అని నెంబరు కూడా సూచించింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఎవరూ దాన్ని చట్టం చేయలేదు. పాత నేరచట్టాలన్నిటినీ తిరగరాసినప్పుడు కూడా దాన్ని చేర్చలేదు. బలవంతంగా మాయం చేయడాన్ని ఒక ప్రత్యేక నేరంగా కొత్త న్యాయసంహిత గుర్తించనే లేదు. తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని తానే రుజువు చేయాలన్న సూత్రం సాక్ష్య చట్టంలో పూర్వం 106గా, ఇప్పుడు 109గా ఉంది. సామాన్యుడి మీద దాన్ని వాడుతూనే ఉంటారు. ఇంట్లో భార్య చనిపోతే, ఆ రాత్రి ఇంట్లో ఉన్న భర్త చెప్పాలి కదా అంటారు. అది సబబే. క్యాంపులోకి తీసుకెళ్లిన మనిషి గురించి క్యాంపు అధికారిని అదే ప్రశ్న ఎందుకు అడగరు?

అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే ఆ ఇళ్లలోకి వెళ్లాలి. భర్త ఏమయ్యాడో తెలియని స్త్రీ బొట్టు పెట్టుకుంటే ఒక మాట, తీసేస్తే ఒక మాట. అత్తవారింట్లో ఆమె వాటా అడిగితే, వాడు వస్తే మాట్లాడదాం అంటారు. వాడు రాడని వాళ్లకూ తెలుసు. కూతురి పెళ్లిలో పీటల మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర చుట్టాలంతా గుసగుసలాడతారు. రేషను కార్డులో అతని పేరు ఉంచాలా తీయించాలా తెలియదు. తీయిస్తే పోయాడని తానే ఒప్పుకున్నట్టు. పాసుపుస్తకం అతని పేరు మీదే ఉంటుంది. మార్చాలంటే మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వితంతు పింఛను నెలకు 4000 రూపాయలు. దానికీ అదే పత్రం కావాలి. ఏడేళ్లు ఎవరికీ కనబడని మనిషిని చనిపోయినట్లు భావించవచ్చని చట్టం అంటుంది. ఆ ఏడేళ్లు తినేదేమిటి? ఏడేళ్ల తరువాత కోర్టుకెళ్లి నా భర్త చనిపోయాడని భార్యే దావా వేయాలి. తీసుకెళ్లినవాళ్లు చెప్పవలసిన మాట ఆమె నోటితో చెప్పించి, కోర్టు ఖర్చులు కూడా ఆమెతోనే కట్టిస్తారన్నమాట. కశ్మీరులో ఇలాంటి స్త్రీలను సగం వితంతువులంటారు. 1990లో కొడుకును పోగొట్టుకున్న పర్వీనా అహంగర్ అనే తల్లి 1994లో అక్కడ మాయమైనవారి తల్లిదండ్రుల సంఘం పెట్టడానికి ముందుకొచ్చింది. అర్జెంటీనాలో 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు ప్లాజా డి మాయో కూడలిలో నిలబడ్డారు. వాళ్లలో ముందున్న అసుసేనా విల్లాఫ్లోర్‌ను ఆ డిసెంబరులోనే సైనిక ప్రభుత్వం మాయం చేసింది. ఆమె అస్థికలు గుర్తుపట్టడానికి 2005 దాకా పట్టింది.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. ఇక్కడ మగవాళ్లు వలసపోవడం మామూలు. చెన్నై, హైదరాబాదు, గుజరాత్ రేవులు, ఎక్కడికైనా పోతారు. అందుకని మనిషి కనబడటం లేదంటే స్టేషనులో మొదటి మాట ‘పనికి పోయుంటాడులే’ అని. రెండో మాట ‘అడవిలోకి పోయాడేమో, నువ్వే చెప్పు’ అని. పేదరికం వల్ల తప్పని వలస కాస్తా పోలీసులకు సాకుగా పనికొస్తోంది.

గుజరాత్ రేవులన్నాం కాబట్టి ఒక పోలిక. శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లిన జాలర్లు 2018లో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. వాళ్ల భార్యలు, తల్లులు అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. ఏడాదికి పైగా ఆ ఆడవాళ్లు పడ్డ బాధ తక్కువేం కాదు. కానీ తమ మనుషులు ఎక్కడున్నారో వాళ్లకు తెలుసు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధాలు చేసిన పొరుగు దేశం పేర్లు రాసి ఇస్తుంది. మన తాలూకా స్టేషను మన పౌరుడి పేరు మనకు చెప్పదు.

చెప్పాలన్న నిబంధనలు లేక కాదు. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలని, బంధువులకు తెలియజేయాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఆదేశించింది. కస్టడీలో మనిషి చనిపోయినా, మాయమైనా జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలని 2006 జూన్ నుంచి అమలైన 176(1-ఏ) సెక్షను అన్నది. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 196లో ఉంది. మాయమవడం అన్న మాటను చట్టం పలకడం మంచిదే. చిక్కేమిటంటే కస్టడీలో ఉన్నాడని ఒప్పుకుంటేనే ఆ విచారణ. అసలు తేలేదంటే ఏ విచారణా లేదు. తలుపు పెట్టి తాళం వాళ్ల చేతికే ఇచ్చినట్టుంది.

అంతర్జాతీయంగా 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక ఈ తలుపునే తెరవడానికి వచ్చింది. మనిషిని పట్టుకుని, పట్టుకోలేదనడమే నేరమని అది నిర్వచించింది. నిజం తెలుసుకునే హక్కు కుటుంబానిదని చెప్పింది. భారత ప్రభుత్వం 2007 ఫిబ్రవరి 6న దాని మీద సంతకం చేసింది. ధ్రువీకరించలేదు. ధ్రువీకరించాలని, 1985 నాటి లా కమిషన్ సిఫారసును మాయం చేయడానికీ వర్తించేలా విస్తరించి చట్టం చేయాలని, మనిషి కస్టడీలో మాయమయ్యాడన్న ఫిర్యాదు అందిన నాటి నుంచే భార్యకు పింఛను, భూమి మీద హక్కు ఇవ్వాలని మేం కోరుతున్నాం. చివరిది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పని. దానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు.

ఈలోగా మన కార్యకర్తలు చేయవలసిన పని ఉంది. హైకోర్టు అమరావతికి వచ్చాక కూడా శ్రీకాకుళం నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అంతదూరం వెళ్లేలోపు స్థానికంగా రికార్డు పుట్టించాలి. కొత్త సంహిత 37వ సెక్షను ప్రకారం ప్రతి స్టేషనులోనూ, జిల్లా కేంద్రంలోనూ అరెస్టయినవారి పేర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. పేరు లేకపోతే లేదని రాయించుకోండి. రాసివ్వనంటే, అడిగినట్లు ఎస్పీకి, కలెక్టరుకు, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఆ రోజే స్పీడు పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. తీసుకెళ్లడం చూసినవాళ్ల చేత ఎవరికి వారే విడివిడిగా రాయించండి. రాయలేనివాళ్లు చెబితే మీరు రాసి వేలిముద్ర వేయించండి. బండి నెంబరు, వచ్చినవాళ్లెందరు, ఏ బట్టల్లో ఉన్నారు, ఏ దిక్కుకు పోయారు, అన్నీ ఉండాలి. తీసుకెళ్లిన సమయం మాత్రం తప్పకుండా రాయండి. 24 గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.